రాతిమీది పేర్లు: సొనోమా ప్రయాణం

మేముండే ఊరి పేరు ఫ్రీమాంట్. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు ఒడ్డున ఉన్న ఊరు. తెలుగు మాట చెవిన పడకుండా అంగడికి వెళ్ళి రావడం ఇక్కడ కష్టమే. ఇన్నేళ్ళుగా కాపురముంటూ, ఆ పేరు ఎవరిదని నేను ఎన్నడూ విచారించిన పాపాన పోలేదు. నాన్నగారు వచ్చిన రెండో వారంలోనే అడిగారు: “ఏరా, ఫ్రీమాంట్ అంటే మనిషా, కొండా?”

నాన్నగారు రెవెన్యూ శాఖలో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఏ ఊరికి వెళ్ళినా ఆ ఊరికి పేరెలా వచ్చింది, శివారు ఎంతవరకు, చెరువు ఎవరు తవ్వించారు అన్నవి తెలిస్తేగాని ఆయనకు మనసు నిలవదు. మనిషేనని, సైన్యంలో అధికారి అని చెప్పాను. అంతకు మించి నాకూ తెలియదు. ఆ సిగ్గుతోనే కొన్నాళ్ళు చదివాను. చదివిన దారి నన్ను సొనోమా అనే చిన్న పట్టణానికి చేర్చింది.

దేశం నుండి చుట్టాలు వస్తే ముందు గోల్డెన్ గేట్ వంతెన, తరువాత ద్రాక్షతోటలు చూపించడం ఇక్కడివారి ఆనవాయితీ. మా ఇంట మద్యం ముట్టేవారు లేరు. అయినా ఒక ఫిబ్రవరి శనివారం నాడు నాన్నగారిని వెంటబెట్టుకుని బయలుదేరాను. ఉత్తరంగా వెళ్ళి, కార్కినెజ్ వంతెన దాటాక ఒక పెద్ద ఊరి పేరు పలక మీద కనబడింది. నేను ఏళ్ళ తరబడి దానిని ‘వల్లెజో’ అని చదువుకున్నవాడినే. స్పానిష్‌వారు ‘వయేహో’ అంటారని, అదీ ఒక మనిషి పేరేనని, మనం చూడబోయే ఊరిని కట్టించినవాడు ఆయనేనని చెప్పాను. “అయితే ఇవాళ ఆయన సంగతే చూద్దాం” అన్నారు నాన్నగారు.

ఫిబ్రవరిలో సొనోమా లోయ చూడవలసిందే. ద్రాక్షతీగలు ఆకు రాల్చి నల్లని మోడులై వరుసలు తీరి ఉంటాయి. వరుసల మధ్య నేలంతా పసుపుపచ్చని పూలు. నాన్నగారు కారు ఆపించి దిగి, ఒక పూరెమ్మ తుంపి నలిపి వాసన చూసి, “ఆవ!” అన్నారు. అంత దూరదేశంలో వంటింటి వాసన తగిలేసరికి ఆయన ముఖం విప్పారింది.

సొనోమా జనాభా సుమారు పదకొండు వేలు. ఊరి నడుమ ఎనిమిదెకరాల చదరపు మైదానం ఉంది. దీనిని ప్లాజా అంటారు. చుట్టూ దుకాణాలు, భోజనశాలలు, మద్యం రుచి చూపే గదులు. మధ్యలో నల్లరాతితో కట్టిన పురపాలక భవనం. 1908లో పూర్తయిన ఆ భవనానికి నాలుగు ముఖాలూ ఒకేలా ఉంటాయి. ఏ వైపు వర్తకులకూ తమకు వీపు చూపించారన్న బాధ కలగకుండా అలా కట్టారని ఊరివాళ్ళు చెప్పుకుంటారు. మైదానం ఈశాన్యమూలకు ఎదురుగా తెల్లటి సున్నపు గోడల మిషన్ ఉంది. మా నడక అక్కడినుండే మొదలయింది.

కాలిఫోర్నియా తీరంలో స్పానిష్ ఫ్రాన్సిస్కన్ సన్యాసులు 1769 నుండి వరుసగా మిషన్లు స్థాపించారు. మిషన్ అంటే ఒక్క చర్చి కాదు. పొలాలు, పశువుల మందలు, మగ్గాలు, తోళ్ళ శుద్ధి, ద్రాక్షతోటలు కలిసిన ఒక చిన్న సంస్థానం. పనిచేసే చేతులు మాత్రం స్థానిక తెగలవారివి. జ్ఞానస్నానం పొందినవారు అనుమతి లేకుండా మిషన్ విడిచి వెళ్ళరాదు. వెళ్ళినవారిని వెదకి పట్టి తెచ్చేవారు, కొరడా దెబ్బలూ ఉండేవి. అటువంటి ఇరవైయొక్క మిషన్లలో ఇది ఆఖరిది, అన్నిటికన్నా ఉత్తరాన ఉన్నది. పేరు శాన్ ఫ్రాన్సిస్కో సొలానో. హోసే అల్టిమీరా అనే యువ సన్యాసి 1823 జూలై 4న స్థాపించాడు. మెక్సికో అప్పటికే స్పెయిన్ నుండి 1821లో స్వతంత్రమయింది. కనుక మెక్సికో ఏలుబడిలో వెలసిన మిషన్ ఇదొక్కటే. 1812 నుండి సముద్రతీరాన ఫోర్ట్ రాస్‌లో స్థిరపడిన రష్యన్లు లోపలికి జరగకుండా అడ్డుకోవాలన్న ఆలోచన ప్రభుత్వానిది. అందుకే గవర్నరు అల్టిమీరాను ప్రోత్సహించాడు. మతాధిపతుల అనుమతి మాత్రం ముందుగా లేదు. ఆయన పెత్తనం మూడేళ్ళకే ముగిసింది. 1826లో స్థానికులు తిరగబడి మిషన్‌కు నిప్పుపెట్టగా, ప్రాణాలతో బయటపడి పారిపోయాడు.

ఈ లోయలో మొదటి ద్రాక్షతీగలు నాటించినది ఈ సన్యాసులే. పూజకు ద్రాక్షరసం కావాలి గనుక. నేటి వాణిజ్యానికంతటికీ మూలమైన ఆ మొదటి తోటలో పలుగు పట్టినవారు కోస్ట్ మివోక్, పట్విన్, వాప్పో, పోమో తెగల మనుషులు.

1833లో మెక్సికో ప్రభుత్వం మిషన్లను మతాధికారం నుండి తప్పించే చట్టం చేసింది. సొనోమా మిషన్ వ్యవహారాలను చక్కబెట్టే బాధ్యత 1834లో ఒక యువ సైనికాధికారికి అప్పగించారు. ఆయనే మరియానో గ్వాడలూపే వయేహో. 1807లో మాంటెరేలో పుట్టాడు. 1835లో, గవర్నరు ఆజ్ఞ మేరకు, మిషన్ ఎదుట ప్లాజా కొలిపించి, వీధులు గీయించి, పట్టణానికి పునాది వేశాడు. మేము నిలుచున్న మైదానం ఆయన గొలుసు కొలతే.

మిషన్ ఆస్తిలో సగం స్థానికులకు పంచవలసి ఉంది. కాగితం మీది ఆ మాట నేలమీదికి రాలేదు. పశువులూ భూములూ దొరల చేతికి వెళ్ళాయి, స్థానికులు ఆ భూములమీదనే కూలీలుగా మిగిలారు. వయేహోకు పెటలూమా దగ్గర అరవై వేల ఎకరాలు దాటిన జాగీరు ఏర్పడింది. ఆ జాగీరులో వందల మంది స్థానికులు పనిచేశారు. 1837లో ఫోర్ట్ రాస్ వైపు నుండి వచ్చిన మశూచి రెండేళ్ళలో వేల మందిని తుడిచిపెట్టింది. ఈ సంగతులు నేను చెబుతుంటే నాన్నగారు వింటూ, “ఇనాం భూములను రద్దుచేసినప్పుడూ చూశాం. చట్టం రైతు పేర వస్తుంది, పట్టా ఇంకొకరి పేర రాస్తారు” అన్నారు.

మిషన్ పక్కనే మట్టి ఇటుకలతో కట్టిన సైనికుల బారకాసు ఉంది. దానికెదురుగా మైదానం మూలన ఒక బండరాయి మీద కంచువిగ్రహం, చేతిలో జెండా పట్టిన యువకుడు. 1914లో ప్రతిష్ఠించారు. ఈ ఊరి చరిత్రలో అందరూ చెప్పుకునే కథ దానిది.

1846 జూన్ 14 తెల్లవారుజామున సుమారు ముప్ఫైమూడు మంది అమెరికన్ వలసవాసులు గుర్రాల మీద వచ్చి వయేహో ఇంటి తలుపు తట్టారు. అందులో పలువురి దుస్తులు జింకతోళ్ళు. అప్పటికి రెండేళ్ళ ముందే, మెక్సికో ప్రభుత్వం జీతాలు పంపకపోవడంతో, సొంత సొమ్ముతో సైనికులను పోషించలేక వయేహో దళాన్ని పంపివేశాడు. కనుక పట్టణానికి కాపలా లేదు, ఒక్క గుండూ పేలలేదు. ఆయన వచ్చినవారికి మద్యమిచ్చి మర్యాద చేశాడు. వాళ్ళు మర్యాద స్వీకరించి ఆయనను ఖైదు చేశారు. నిజానికి కాలిఫోర్నియా అమెరికాలో కలవడమే మేలని బహిరంగంగా అన్న మెక్సికన్ ప్రముఖులలో వయేహో ముందువాడు. ఆ మాట ఆయనను కాపాడలేదు.

ఈ తిరుగుబాటుదారుల వెనుక ప్రోత్సాహంగా నిలిచినవాడే మా ఊరి ఫ్రీమాంట్. జాన్ చార్లెస్ ఫ్రీమాంట్ అమెరికా సైన్యంలో భౌగోళిక సర్వేక్షకుడు. సాయుధులైన అనుచరులతో శాక్రమెంటో లోయలో విడిది చేసి ఉన్నాడు. ఆ సంవత్సరమే ఏప్రిల్‌లో ఆయన దళం శాక్రమెంటో నది ఒడ్డున వింటూ తెగవారిని పెద్దసంఖ్యలో చంపింది. మా పిల్లల బడిపుస్తకాల సంచుల మీద, మా ఉత్తరాల చిరునామాలలో నిత్యం చూసే పేరు ఇది. అది చదివిన రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

తిరుగుబాటుదారులు ఒక తెల్లగుడ్డ మీద నక్షత్రాన్నీ, ఎలుగుబంటినీ చిత్రించి, ‘కాలిఫోర్నియా రిపబ్లిక్’ అని రాసి ఎగరవేశారు. ఎలుగు పందిలా ఉందని చూసినవారు నవ్వుకున్నారట. ఆ గణతంత్రం ఆయుష్షు 25 రోజులు. అమెరికా మే 13ననే మెక్సికోపై యుద్ధం ప్రకటించిందన్న వార్త వాళ్ళకు అప్పటికి అందలేదు. జూలై 9న అమెరికా జెండా వచ్చి ఎలుగు జెండాను దించింది. 1911లో ఆ ఎలుగునే కాలిఫోర్నియా రాష్ట్ర పతాకం మీద నిలిపారు. అసలు గుడ్డ 1906 భూకంపం తరువాతి మంటలలో శాన్ ఫ్రాన్సిస్కోలో కాలిపోయింది. ఆ జాతి ఎలుగుబంటి కూడా 1920ల తరువాత ఈ రాష్ట్రంలో కనబడలేదు. జెండా మీద మాత్రం నడుస్తూనే ఉంది.

వయేహోను శాక్రమెంటోలోని సటర్ కోటలో ఆగస్టు వరకు బంధించారు. అక్కడ చలిజ్వరంతో చిక్కిశల్యమయ్యాడు. విడుదలైన తరువాత కక్ష పట్టలేదు. 1849లో రాష్ట్ర రాజ్యాంగ రచనకు మాంటెరేలో కూడిన సభలో సభ్యుడయ్యాడు. రాష్ట్రముద్రలో ఎలుగుబంటి బొమ్మ ఉండాలన్నప్పుడు, దానిని తీసివేయండి, ఉంచితే మెక్సికన్ పశువుల కాపరి పలుపుతాడుతో కట్టివేసినట్టు ఉంచండి అని ప్రతిపాదన చేశాడు. అది ఓడిపోయింది. ఆ పెద్దమనిషి చేసిన ఎదురుదాడి నాకు తెలిసినంతలో అదొక్కటే.

మైదానంలో 2017లో పెట్టిన వయేహో కంచుప్రతిమ ఉంది. బల్ల మీద తీరిగ్గా కూర్చున్న ప్రతిమ. పక్కన చోటు వదిలారు. నాన్నగారు వెళ్ళి ఆ చోట కూర్చుని, “మరి ఈయన భూములు ఏమయ్యాయి? కొత్త ప్రభుత్వం ఉంచిందా?” అని అడిగారు.

ఉంచుతామనే ఒప్పందంలో రాసుకున్నారు. కాని 1851లో అమెరికా కాంగ్రెసు ఒక చట్టం చేసింది. మెక్సికో కాలపు భూములున్నవారు కమిషన్ ముందుకు వచ్చి తమ హక్కు తామే రుజువు చేసుకోవాలి. దావాలు కమిషన్ నుండి కోర్టులకు, కింది కోర్టుల నుండి పై కోర్టులకు ఏళ్ళతరబడి నడిచాయి. భాష పరాయిది, వకీళ్ళ ఫీజులు భూమితో చెల్లించాలి, ఈలోగా పొలాలలో కొత్తవాళ్ళు గుడిసెలు వేసుకున్నారు. వయేహో సొస్కోల్ జాగీరును, మెక్సికన్ గవర్నరు సైన్యానికి సరఫరా చేసిన సామగ్రికి బదులుగా ఇచ్చాడు. అలా అమ్మే అధికారం గవర్నరుకు లేదని 1862లో సుప్రీంకోర్టు తేల్చి, దావా కొట్టివేసింది. పెటలూమా జాగీరు దావాలో హక్కు ఒప్పుకున్నా, తుది పట్టా చేతికి వచ్చేసరికి 1874. అప్పటికి అందులో ఆయనకు మిగిలినది ఏమీ లేదు.

నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత అన్నారు: “నీ భూమి నీదని నువ్వే రుజువు చేసుకో అన్నారంటే, సగం పోయినట్టే లెక్క. మిగతా సగం వాయిదాలకు పోతుంది.”

ప్లాజా నుండి అరమైలు దూరంలో ఆయన చివరి ఇల్లు ఉంది. 1850ల మొదట కట్టించిన కొయ్య మేడ. పేరు లాక్రిమా మోంటిస్, లాటిన్‌లో కొండ కన్నీరు. వెనుక కొండ నుండి ఊరే ఊటనీరే దానికి కారణం. స్థానిక ప్రజలు ఆ ఊటను చియుకుయెమ్ అనేవారనీ, ఏడ్చే కొండ అని దాని అర్థమనీ, వయేహో దానినే లాటిన్‌లోకి మార్చాడనీ చెబుతారు. ఒకనాడు కంటికి కనబడినంత మేర ఏలినవాడు ఆ ఊట నీటిని ఊరివారికి సరఫరా చేసి కొంత ఆదాయం గడించాడు. 1890లో ఆ ఇంట్లోనే కన్నుమూశాడు.

ఈ లోయ ద్రాక్ష కథ మలుపు తిరిగింది కూడా ఆయన కళ్ళ ముందే. అగోస్టన్ హారస్తీ అనే హంగరీవాసి 1857లో సొనోమాలో బ్యూనా విస్టా తోట స్థాపించాడు. 1861లో ఐరోపా తిరిగి సుమారు లక్ష తీగలు తెచ్చాడు. ప్రభుత్వం ఆ ఖర్చు భరించడానికి నిరాకరించింది. 1863లో ఆయన ఇద్దరు కొడుకులు వయేహో ఇద్దరు కూతుళ్ళను ఒకేసారి పెళ్ళాడారు. సీసాలు నిలవచేసే సొరంగాలను కొండరాతిలో తొలిచినవారు చైనా కూలీలు. 1882లో చైనా శ్రామికుల రాకనే నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఇక్కడ చక్కని అక్షరాలతో సీసాల మీద అచ్చయిన పేర్లు యజమానులవి. గునపం పట్టినవాళ్ళ పేర్లు ఏ సీసా మీదా లేవు.

అయితే వయేహోకు పేరు పోతుందన్న భయం ఉండేది. తమ కాలపు కాలిఫోర్నియా కథను తామే రాయకపోతే గెలిచినవారు రాసిందే చరిత్ర అవుతుందని గ్రహించాడు. తొమ్మిది వందల పుటల దాకా రాసిన మొదటి ప్రతి 1867లో ప్లాజా ముందరి పెద్ద ఇల్లు తగలబడినప్పుడు బూడిదయింది. మళ్ళీ కూర్చున్నాడు. 1875లో ఐదు సంపుటాలు స్పానిష్‌లో ముగించి, చరిత్రకారుడు హ్యూబర్ట్ బాంక్రాఫ్ట్‌కు ఇచ్చాడు. బాంక్రాఫ్ట్ తన గ్రంథానికి అందులోని సమాచారం వాడుకున్నాడు. వయేహో పుస్తకం మాత్రం వ్రాతప్రతిగానే గ్రంథాలయంలో ఉండిపోయింది. సంపూర్ణ ఆంగ్లానువాదం వెలువడినది 2023లో. నూటనలభై ఎనిమిదేళ్ళు పట్టింది. ఓడినవాడి చరిత్ర ఇంత ఆలస్యంగానైనా వచ్చిందంటే, ఆయనకు అక్షరం వచ్చు, కాగితం ఉంది, భద్రపరచిన చోటు ఉంది. ఆయన పొలంలో పనిచేసినవారికి ఆ మూడూ లేవు.

పొద్దు వాలుతుండగా కారు వద్దకు తిరిగి వచ్చాము. ఉదయం చోటు దొరక్క మిషన్ పక్కవీధిలో నిలిపాను. హడావుడిలో ఉదయం చూడనిది అప్పుడు కనబడింది. మిషన్ ప్రక్కగోడ వెంట నిలిపిన నల్లరాతి ఫలకం. దానిమీద దగ్గరదగ్గరగా చెక్కిన పేర్లు. 1824 నుండి 1839 వరకు ఈ మిషన్‌లో పనిచేసి ఇక్కడే మరణించిన స్థానికుల పేర్లు, ఎనిమిది వందలకు పైగా. అందులో పిల్లలు ఎందరో. సమాధి గుర్తులు లేకుండా ఆ చుట్టుపక్కల నేలలోనే వాళ్ళను పూడ్చారు. ఈ ఫలకం 1999లో పెట్టారు, అంటే చివరివారు పోయిన నూటఅరవై ఏళ్ళకు. ఎలుగు జెండా విగ్రహం మైదానం నడిబజారున ఉంది. ఇది పక్కవీధిలో ఉంది.

నాన్నగారు చేతికర్ర నాకిచ్చి, ఫలకం ముందు వంగి, వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చదవడం మొదలుపెట్టారు. అడంగలు చదివే అలవాటు ఆ వేలికి ఉంది. నాలుగైదు వరుసలయ్యాక ఆగారు.

“అన్నీ స్పానిష్ పేర్లేమిట్రా? హోసే, మరియా, ఫ్రాన్సిస్కో... ఇవి వీళ్ళ సొంత పేర్లేనా?”

“కావండి. జ్ఞానస్నానం చేయించినప్పుడు సన్యాసులు పెట్టినవి. మిషన్ రికార్డులలోని పేర్లనే ఇక్కడ చెక్కారు.”

“అంటే వాళ్ళ అమ్మ పిలిచిన పేరు దీని మీద లేదు.”

“లేదండి.”

ఆయన మళ్ళీ వంగి, వదిలిన చోటునుండి ఆ వరుస చివరి దాకా చదివారు. ఎవరివో కాని పేర్లయినా చదవడం మానకూడదనిపించినట్టుంది. వీధిదీపాలు వెలిగాయి. ఎదుటి దుకాణాల్లోంచి నవ్వులు వినవస్తున్నాయి.

ఆ తెగలు అంతరించిపోయాయనుకుంటే పొరపాటు. కోస్ట్ మివోక్, దక్షిణ పోమో వారసుల సమాఖ్యను అమెరికా ప్రభుత్వం 2000 సంవత్సరంలో మళ్ళీ చట్టబద్ధంగా గుర్తించింది. 2019లో కాలిఫోర్నియా గవర్నరు స్థానిక ప్రజలకు రాష్ట్రం పక్షాన క్షమాపణ చెప్పాడు. ఈ సంగతులు కారులో చెప్పాను. నాన్నగారు తల పంకించి ఊరుకున్నారు.

తిరుగుదారిలో సొలానో కౌంటీ హద్దు పలక కనబడింది. “ఈ సొలానో ఎవరు?” అని అడిగారు.

సుయ్‌సూన్ ప్రజల నాయకుడు. వయేహోకు స్నేహితుడు, యుద్ధాలలో తోడు నిలిచినవాడు. 1850లో రాష్ట్రాన్ని కౌంటీలుగా విభజించినప్పుడు ఆయన పేరు పెట్టించినది వయేహోనే. కాని సొలానో అన్నది జ్ఞానస్నానంలో వచ్చిన పేరు. పెరూలో మతప్రచారం చేసిన ఒక స్పానిష్ సాధువుది. మనం ఉదయం చూసిన మిషన్‌కు ఉన్నదీ ఆ సాధువు పేరే.

“మరి ఈయన అసలు పేరు?”

“సెమ్‌యెటో.”

నాన్నగారు ఆ పేరు పలికి చూసుకున్నారు. సరిగా వచ్చిందా అని నన్నడిగి, మరొకసారి పలికారు. చీకట్లో పలక వెనక్కు పోయింది. ఫ్రీమాంట్ ఇంకా గంట దూరం.